రాత ఒకటి, పలుకు ఒకటి: డేనిష్ పుస్తకాల్లోకి దారి

డేనిష్ భాషలో ‘గిఫ్ట్’ అనే మాటకు రెండు అర్థాలున్నాయి. ఒకటి ‘పెళ్ళయిన’, రెండోది ‘విషం’. ఇంగ్లీషు అలవాటు వల్ల మనకు తోచే ‘కానుక’ అనే అర్థం మాత్రం దానికి లేదు. 1971లో టోవె డిట్లెవ్‌సెన్ తన ఆత్మకథ మూడో భాగానికి ఈ ఒక్క మాటనే పేరుగా పెట్టారు. ఒకదాని వెంట ఒకటిగా వచ్చిన పెళ్ళిళ్ళు, వైద్యుడైన మూడో భర్త సూదిమందుతో అంటించిన మత్తు వ్యసనం, ఆ పుస్తకంలోని కథంతా ఈ రెండు అర్థాల మధ్యే నలుగుతుంది. ఇంగ్లీషులోకి తెచ్చిన అనువాదకుడికి రెండింటినీ మోసే మాట దొరకలేదు. చివరకు ‘డిపెండెన్సీ’ అని పెట్టారు. తప్పు పట్టలేం. కానీ మూల రచయిత్రి ఒక్క అక్షరం కూడా ఎక్కువ రాయకుండా చెప్పిన సంగతి పుస్తకం అట్ట మీదే జారిపోయింది.

డేనిష్ పుస్తకాలు ఏవి చదవాలని ఎవరైనా అడిగితే నేను ముందు ఈ మాట చెబుతాను. సుమారు 60 లక్షల మంది మాట్లాడే భాష అది. హైదరాబాద్ నగరంలో ఉన్నంత మంది కూడా లేరు. బయటివాళ్ళం దాన్ని దాదాపు ఎప్పుడూ మరో భాష భుజం మీదుగానే చూస్తాం. అందుకే పేర్ల పట్టిక ఇచ్చి ఊరుకుంటే లాభం లేదు. రెండు చిక్కుముడులు విప్పుకోవాలి. ఆ భాషలో రాతకూ పలుకుకూ మధ్య ఉన్న దూరం మొదటిది. అసలు ‘డేనిష్ పుస్తకం’ అని దేన్ని అనాలన్నది రెండోది. ఈ రెండూ విడివడితే ఏ పుస్తకం ముందు, ఏది తరువాత అన్నది చాలావరకు దానంతట అదే తేలుతుంది.

మొదటి ముడి భాషలోనే ఉంది. డేనిష్‌లో యాభైని ‘హల్‌ట్రెస్’ అంటారు. దాని నిండు రూపానికి ‘మూడోది సగంగా ఉన్న ఇరవైలు’ అని అర్థం. అంటే రెండు పూర్తిగా, మూడోది సగం: రెండున్నర ఇరవైలు, యాభై. అరవై అంటే మూడు ఇరవైలు. డెబ్బై మూడున్నర ఇరవైలు. తొంభై నాలుగున్నర ఇరవైలు. తొంభై అయిదు చెప్పాలంటే ముందు అయిదు చెప్పి, ఆ తరువాత నాలుగున్నర ఇరవైలు చెప్పాలి. పక్కనే ఉన్న స్వీడన్, నార్వే వాళ్ళు అక్షరాల్లో ఉన్న డేనిష్‌ను చాలావరకు అర్థం చేసుకుంటారు గానీ ఈ అంకెల దగ్గర తడబడతారు.

పలుకు దగ్గరకు వచ్చేసరికి దూరం ఇంకా పెరుగుతుంది. కాగితం మీద కనిపించే హల్లుల్లో సగం నోట్లో కరిగిపోతాయి. తత్త్వవేత్త కీర్కెగార్డ్ పేరు చివర మనం గట్టిగా పలికే ‘డ్’ డేన్ల నోట వినిపించదు. గొంతులో ఒక చిన్న బిగింపు ఉందా లేదా అన్న దాన్నిబట్టి అర్థం మారే మాటలు కూడా ఉన్నాయి. బిగింపు లేకుండా ‘హున్’ అంటే ‘ఆమె’. అదే మాట బిగింపుతో పలికితే ‘కుక్క’. డేనిష్ పసిపిల్లలు తొలి మాటలు పట్టుకోవడంలో ఇతర భాషల పిల్లల కంటే కొంత వెనకబడతారని అక్కడి భాషా పరిశోధకులే గమనించారు. మింగేసిన హల్లుల మధ్య ఒక మాట ఎక్కడ ముగిసి ఇంకొకటి ఎక్కడ మొదలైందో తెలియకపోవడమే దీనికి కారణమని వారి వివరణ.

భాష నేర్చుకోవాలన్న పట్టుదల ఉన్నవాళ్ళకు నేను చెప్పే వ్యాకరణం ఒక్కటే. టామ్ లుండ్‌స్కేర్-నీల్సెన్, ఫిలిప్ హోమ్స్ కలిసి ఇంగ్లీషులో రాసిన ‘డేనిష్: యాన్ ఎసెన్షియల్ గ్రామర్’. పాత కాలపు పద్ధతి నచ్చేవాళ్ళకు ఎలియాస్ బ్రెడ్స్‌డార్ఫ్ 1956లో కేంబ్రిడ్జి నుంచి తెచ్చిన వ్యాకరణ వాచకం ఇప్పటికీ పనికొస్తుంది. అయితే ఒక జాగ్రత్త అవసరం. 1948లో డెన్మార్క్ తన లిపి పద్ధతిని సంస్కరించుకుంది. అప్పటివరకు జర్మన్‌లో లాగా నామవాచకాలన్నీ పెద్ద అక్షరంతో మొదలయ్యేవి. ఆ పద్ధతి పోయింది. రెండు ‘ఎ’లు (aa) పక్కపక్కన రాసే చోట, నెత్తిన సున్న పెట్టిన ఒక్క ‘ఎ’ (å) వచ్చింది. అందువల్ల పాత ముద్రణ చేతికి తీసుకున్నవాళ్ళకు నిన్న నేర్చుకున్న మాటే ఈరోజు కొత్తగా కనిపిస్తుంది. కీర్కెగార్డ్ పేరునే చూడండి. ‘చర్చి ఆవరణ’, అంటే శ్మశానం అనే మాటకు అది పాత రాత. ఇప్పుడు ఆ మాటను రాసే తీరు వేరు.

ఈ రాత, పలుకుల గొడవ వ్యాకరణానికే పరిమితమైతే ఇంతగా చెప్పేవాణ్ణి కాదు. డేనిష్ సాహిత్యం మొత్తం దీని మీదే నడిచిందని నా నమ్మకం. పండితుడు కాగితం మీద లాటిన్ రాసేవాడు, దొరసానులతో ఫ్రెంచి, తన కుక్కతో జర్మన్ మాట్లాడేవాడు, డేనిష్ మాత్రం నౌకరుతో మాట్లాడేవాడు అని 19వ శతాబ్దపు కవి క్రిస్టియన్ విల్‌స్టర్ పాత రోజుల గురించి రాశారు. నౌకరుతో మాట్లాడే ఆ భాషను రంగస్థలం మీద నిలబెట్టినవారు లుడ్విగ్ హోల్బెర్గ్. 1722లో కోపెన్‌హాగెన్‌లో డేనిష్ నాటకశాల తెరుచుకున్నప్పుడు దానికి కావలసిన హాస్యనాటకాలను వరసబెట్టి రాసి ఇచ్చారు. వాటిలో ‘ఎరాస్మస్ మొంటానస్’ను ముందుగా చదవమంటాను. రాస్మస్ బెర్గ్ అనే రైతు కొడుకు పట్నం వెళ్ళి చదువుకుని, పేరును లాటిన్‌లోకి మార్చుకుని ఇంటికి వస్తాడు. రాయి ఎగరలేదు, అమ్మా ఎగరలేదు, కాబట్టి అమ్మ రాయి అని తర్కంతో నిరూపిస్తాడు. ఆ తల్లి నిజంగానే రాయినైపోయానేమోనని ఏడుస్తుంది. అదే కుర్రాడు భూమి గుండ్రంగా ఉందంటే ఊరంతా ఎదురు తిరుగుతుంది. పిల్లనివ్వాల్సిన మామ, బల్లపరుపు అని ఒప్పుకుంటేనే పెళ్ళి అంటాడు. నిజం చెప్పినవాడు పొగరుబోతు, అతన్ని అడ్డుకునేవాళ్ళు అజ్ఞానులు. హోల్బెర్గ్ ఎవరి పక్షమూ పూర్తిగా వహించరు. మూడు వందల ఏళ్ళు కావస్తున్నా ఈ నాటకం ముసలిది కాలేదు. దీని తరువాత ‘కొండ మీది యెప్పె’ చదవండి. యెప్పె తాగుతాడని అందరూ అంటారు, ఎందుకు తాగుతాడో ఎవరూ అడగరు.

హోల్బెర్గ్ పుట్టింది నార్వేలోని బెర్గెన్‌లో. 1814 దాకా నార్వే డెన్మార్క్ రాజు కిందే ఉండేది కాబట్టి ఇద్దరూ ఆయన్ని తమవాడే అంటారు. ఆయన ‘నీల్స్ క్లిమ్ పాతాళయాత్ర’ అనే వింత నవలను 1741లో లాటిన్‌లో అచ్చు వేయించారు. రెండో ముడి ఇక్కడ మొదలవుతుంది. దాని సంగతికి తరువాత వస్తాను.

హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ గురించి ఇప్పుడు. మనకందరికీ తెలుసనుకునే రచయిత ఆయన. నా దృష్టిలో మనం అందరికంటే తక్కువ చదివిన డేనిష్ రచయిత కూడా ఆయనే. చిన్నప్పుడు బొమ్మల పుస్తకాల్లో చదివిన బాతుపిల్ల, మత్స్యకన్య, రాజుగారి కొత్త బట్టలు ఎవరో కుదించి, తీపి కలిపి చెప్పినవి. ఓడెన్సెలో చెప్పులు కుట్టే తండ్రికీ బట్టలుతికే తల్లికీ 1805లో పుట్టిన ఈయన 1835లో తన తొలి కథల చిన్న పుస్తకం తెచ్చారు. అందులోని మొదటి కథలో ఒక సైనికుడు దారి వెంట కవాతు చేస్తూ వస్తాడు. రచయిత ‘ఒకటి, రెండు! ఒకటి, రెండు!’ అని నేరుగా రాసేశారు. అప్పటి విమర్శకులకు అది నచ్చలేదు. పుస్తకంలో రాయాల్సిన భాష ఇది కాదన్నారు. నోటితో చెప్పే మాటను, చెప్పేటప్పుడు వచ్చే తొట్రుపాటుతో, వెక్కిరింతతో, ఊపుతో సహా కాగితం మీద పెట్టడమే ఆయన చేసిన తిరుగుబాటు. తెలుగులో గ్రాంథిక, వ్యావహారిక వాదాల చరిత్ర తెలిసినవాళ్ళకు ఆ విమర్శల స్వరం ఇట్టే పోల్చుకోవచ్చు.

19వ శతాబ్దంలో ఆండర్సన్ ఇంగ్లీషులోకి వెళ్ళిన తొలి దారి చాలావరకు జర్మన్ మీదుగా సాగింది. దారిలో ఆ తొట్రుపాటునంతా ఇస్త్రీ చేసేశారు. మన భాషలకు చేరింది ఆ ఇస్త్రీ చేసిన ఆండర్సన్. అందుకే ఇంగ్లీషులో చదివేటప్పుడు ఏ అనువాదమో చూసి తీసుకోండి. టీనా నన్నల్లీ అనువదించిన ఎంపిక కథలు నాకు అన్నిటికంటే దగ్గరగా అనిపిస్తాయి. అన్ని కథలూ కావాలంటే ఎరిక్ క్రిస్టియన్ హౌగార్డ్ 1974లో తెచ్చిన సంపుటం ఉంది. కోపెన్‌హాగెన్‌లో పుట్టి హాలీవుడ్‌లో నటుడైన జీన్ హెర్షాల్ట్ అనువాదం ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. మొదట చదవాల్సింది మాత్రం మత్స్యకన్య కాదు, 1847 నాటి ‘నీడ’. ఒక పండితుణ్ణి వదిలి వెళ్ళిన అతని నీడ కొన్నేళ్ళకు కలిగినవాడై తిరిగి వస్తుంది. తన యజమానినే తనకు నీడగా ఉండమంటుంది. అది పిల్లల కథ అని ఎవరూ అనలేరు.

ఆండర్సన్ నవల ఒకదాన్ని తూర్పారబట్టడమే పనిగా 1838లో ఒక పాతికేళ్ళ యువకుడు తన తొలి పుస్తకం రాశాడు. ఆ యువకుడే సోరెన్ కీర్కెగార్డ్. మూడేళ్ళ తరువాత విశ్వవిద్యాలయంలో పరిశోధన వ్యాసం సమర్పించాల్సి వచ్చినప్పుడు, లాటిన్ బదులు డేనిష్‌లో రాయనివ్వమని రాజుకు అర్జీ పెట్టుకుని అనుమతి పొందారు. తాను చెప్పదలచిన విషయానికి ఆ చచ్చిన భాష సరిపోదని ఆయన అభిప్రాయం. ఆయన 1843 నాటి ‘ఐదర్/ఆర్’ లావుపాటి పుస్తకం. దానితో మొదలుపెట్టి మధ్యలో వదిలేసినవాళ్ళు చాలామంది. అదే ఏడాది వచ్చిన ‘ఫియర్ అండ్ ట్రెంబ్లింగ్’ సన్నగా ఉంటుంది. కొడుకును బలివ్వడానికి కొండెక్కిన అబ్రహాం కథను ఒకే వరసలో నాలుగు రకాలుగా చెబుతూ మొదలవుతుంది. కథ చెప్పేవాడి గొంతుతో తత్త్వం చెప్పడం ఎలాగో ఆ మొదటి పేజీల్లోనే తెలిసిపోతుంది.

ఇక నాకు ఎంతో ఇష్టమైన దారి ఒకటి చెబుతాను. డేనిష్ సాహిత్యాన్ని రచయితల వరసలో కాకుండా ఒక స్త్రీ వెంట నడిచి చదవడం. ఆమె మారీ గ్రూబ్బె, 17వ శతాబ్దపు జమీందారీ కుటుంబంలోని ఆడబిడ్డ. మొదటి భర్త రాజుగారి వివాహేతర కుమారుడు, నార్వేకు పాలకుడు. అతనితో విడాకులు. రెండో భర్త ఒక జమీందారు. అదీ నిలవలేదు. చివరకు సోరెన్ అనే ఎస్టేటు పనివాడితో వెళ్ళిపోయి, ఫాల్‌స్టర్ ద్వీపంలో పడవ రేవు దగ్గర పేద ఇంట్లో బతికింది. 1711లో కోపెన్‌హాగెన్‌లో ప్లేగు వ్యాపించినప్పుడు ఆ ద్వీపంలో తలదాచుకోవడానికి వచ్చిన విద్యార్థి ఒకరు ఆమెను కళ్ళారా చూశారు. ఆయన మరెవరో కాదు, హోల్బెర్గే. సోరెన్ కొట్టినా సరే, ఆ గొప్ప భర్తతో కంటే ఇతనితోనే సుఖంగా ఉన్నానని ఆమె తనతో అన్నట్టు చాలా ఏళ్ళ తరువాత తన లేఖారూప వ్యాసాల్లో నమోదు చేశారు.

ఆ తరువాత ముగ్గురు రచయితలు ఆమెను వదల్లేదు. పడమటి డెన్మార్క్‌లోని జట్లాండ్ బీడు భూముల పాస్టర్ స్టీన్ స్టీన్‌సెన్ బ్లీకర్ 1824లో ‘ఒక గ్రామ చర్చి గుమాస్తా దినచర్య’ రాశారు. పేరు మార్చి, వేటగాడితో వెళ్ళిపోయిన దొరసానిగా ఆమెను దూరం నుంచి, ఆమెను మౌనంగా ప్రేమించిన గుమాస్తా కళ్ళతో చూపించారు. దినచర్యలో ఏళ్ళకు ఏళ్ళు ఖాళీగా దాటిపోతాయి. ఆ ఖాళీల్లోనే గుండె పగులుతుంది. వృద్ధాప్యంలో ఆండర్సన్ ‘కోళ్ళ గ్రేతె కుటుంబం’ అనే కథలో ఆమెను తలచుకున్నారు. 1876లో జె.పి. యాకబ్‌సెన్ ‘ఫ్రూ మారీ గ్రూబ్బె’ అనే నవల రాశారు. యాకబ్‌సెన్ వృక్షశాస్త్రవేత్త, డార్విన్‌ను డేనిష్‌లోకి తెచ్చినవారు. అందుకేనేమో, ఆమె పతనాన్ని పాపంగా కాకుండా ఒక శరీరం తనకు తగిన నేలను వెతుక్కోవడంగా చూశారు. నాలుగింటినీ ఒక దాని వెంట ఒకటి చదివితే, ఒక సమాజం ఒక స్త్రీ ఇష్టాన్ని అర్థం చేసుకోవడానికి నూటయాభై ఏళ్ళకు పైగా ఎలా పెనుగులాడిందో తెలుస్తుంది. ఏ సాహిత్య చరిత్ర పుస్తకమూ నాకు ఇంత నేర్పలేదు. అయినా చరిత్ర కావాలనుకునేవాళ్ళకు స్వెన్ హకాన్ రొసెల్ సంపాదకత్వంలో 1992లో ఇంగ్లీషులో వచ్చిన ‘ఎ హిస్టరీ ఆఫ్ డేనిష్ లిటరేచర్’ మంచి ఆధారం.

అదే శతాబ్దపు మరో స్త్రీ తన కథ తానే రాసుకుంది. నాలుగో క్రిస్టియన్ రాజు కుమార్తె లియొనోరా క్రిస్టీనా. భర్త మీద రాజద్రోహ నేరం మోపి, 1663లో ఆమెను కోపెన్‌హాగెన్ కోటలోని నీలి బురుజులో బంధించారు. ఆమెను ద్వేషించిన రాణి చనిపోయాకే, 22 ఏళ్ళ తరువాత, 1685లో విడుదలయ్యారు. ఆమె రాసిన ‘యామర్స్ మిన్నె’ (‘కష్టాల జ్ఞాపకం’) 1869 వరకు అచ్చుకాలేదు. రాజకుమారి ఏడుపును ఊహించి తెరిస్తే అందులో కనిపించేది వేరు: ఎలుకలు, కాపలాదారుల తాగుబోతు కబుర్లు, తనతో గదిలో ఉంచిన పనిమనుషుల తగాదాలు. వాళ్ళ మాటను వాళ్ళ నోటి నుంచి వచ్చినట్టే దింపారు. ఆ శతాబ్దంలో అంత జీవమున్న వచనం డేనిష్‌లో మరొకటి లేదని నా అభిప్రాయం.

1871లో విమర్శకుడు గియోర్గ్ బ్రాండెస్ కోపెన్‌హాగెన్ విశ్వవిద్యాలయంలో ఇచ్చిన ఉపన్యాసాలతో కొత్త కాలం మొదలైందంటారు. సాహిత్యం సమస్యలను చర్చకు పెట్టాలని ఆయన వాదం. ఆ నినాదం కంటే దాని నీడలో పెరిగిన నవలలు గొప్పవి. హెర్మన్ బాంగ్ 1886లో రాసిన ‘వె వాయెన్’ (‘దారి పక్కన’) ఒక చిన్న రైలు స్టేషన్ మాస్టరు భార్య కథ. ఇంగ్లీషులో ‘కటింకా’ పేరుతో వచ్చింది. బళ్ళు వస్తాయి, పోతాయి, జనం సగం సగం మాటలు మాట్లాడుకుంటారు. ఆమె ప్రేమ గురించి ఎవరూ పైకి ఒక్క మాట అనరు. ఒక సాయంత్రంలో చదవగలిగేంత చిన్నది.

‘లుక్కె-పేర్’ అలాంటిది కాదు. హెన్రిక్ పొంటోప్పిడాన్ దీన్ని 1898 నుంచి 1904 వరకు ఎనిమిది భాగాలుగా తెచ్చారు. జట్లాండ్‌లో కఠినమైన పాస్టరు ఇంట్లో పుట్టిన పేర్ సిడేనియస్ ఆ ఇంటినీ ఆ దేవుణ్ణీ తెంచుకుని ఇంజనీరు కావడానికి రాజధానికి వస్తాడు. కాలువలు, రేవులతో దేశాన్నే మార్చేయాలని పథకం వేస్తాడు. సంపన్న యూదు కుటుంబపు అమ్మాయి యాకోబె అతన్ని ప్రేమిస్తుంది. యూరప్ నవలల్లో ఇంత తెలివీ ఇంత బాధా కలిసిన స్త్రీ పాత్రలు అరుదు. అన్నీ చేతికందే వేళకు పేర్ ఒక్కొక్కటే వదులుకుంటాడు. చివరకు పడమటి తీరంలో రోడ్ల పని చూసే చిన్న ఉద్యోగిగా ఒంటరిగా మిగులుతాడు. తెంచుకున్నాననుకున్న తండ్రి తనలోనే ఉన్నాడని తెలుసుకుంటాడు. అది ఓటమా, విముక్తా అన్నది నవల మన చేతిలో పెట్టి వెళ్ళిపోతుంది. జర్మన్ పాఠకులకు ఇది ఎప్పటినుంచో తెలుసు, హంగేరీ విమర్శకుడు లూకాచ్ దీని గురించి రాశారు. ఇంగ్లీషులోకి మాత్రం 2010లో గానీ రాలేదు. నయొమి లెబోవిట్జ్ ‘లక్కీ పెర్’ అన్నారు. 2018లో పాల్ లార్కిన్ ‘ఎ ఫార్చునేట్ మ్యాన్’ అన్నారు. డేనిష్ నవల ఒక్కటే చదువుతానంటే నేను ఇచ్చేది ఇదే.

పొంటోప్పిడాన్‌కు 1917లో నోబెల్ వచ్చింది. దాన్ని పంచుకున్న కార్ల్ గెల్లెరప్‌ను ఈరోజు డెన్మార్క్‌లోనూ చదివేవాళ్ళు తక్కువ. ఆయన జర్మనీలోని డ్రెస్‌డెన్‌లో స్థిరపడి జర్మన్‌లోనూ రాశారు. 1906 నాటి ఆయన నవల ‘యాత్రికుడు కామనీతుడు’ బుద్ధుడి కాలపు భారతదేశంలో జరుగుతుంది. బుద్ధుణ్ణి వెతుక్కుంటూ బయలుదేరిన వ్యాపారి ఒక కుమ్మరి ఇంటి వసారాలో బుద్ధుడితోనే రాత్రంతా మాట్లాడతాడు, ఆయనెవరో గుర్తుపట్టకుండానే. పాలి కథను ఆధారం చేసుకున్న ఈ పుస్తకం మన పాఠకులకు ఆసక్తి కలిగిస్తుంది. శైలి కాస్త పూలదండల బరువుతో ఉంటుందని ముందే చెప్పడం న్యాయం.

ఇప్పుడు రెండో ముడి. ఒకరు లాటిన్‌లో రాశారు, ఇంకొకరు జర్మన్‌లో. హామ్లెట్ కథకు మూలమైన ఆమ్లెత్ గాథను 1200 ప్రాంతంలో డేనిష్ చరిత్రకారుడు సాక్సో గ్రమాటికస్ లాటిన్‌లోనే రాశారు. డేన్ల స్వభావాన్ని చెప్పడానికి అందరూ ఎత్తే ‘యాంటె ధర్మశాస్త్రం’, అంటే ‘నువ్వేదో గొప్ప అనుకోకు’ అని మొదలయ్యే పది ఆజ్ఞలు, డెన్మార్క్‌లోని మోర్స్ ద్వీపంలో పుట్టిన ఆక్సెల్ సాండెమోసె 1933లో నార్వేజియన్‌లో రాసిన నవలలోనివి. అది ఒక చిన్న ఊరు మనిషిని ఎలా నలుపుతుందో చెప్పే కోపం నిండిన నవల. ఇప్పుడు దుకాణాల్లో దొరికే ‘హ్యుగె’ పుస్తకాలు, కొవ్వొత్తులు, కంబళ్ళు, వెచ్చటి ఇల్లు, అవన్నీ ఆ సంస్కృతిలో ఒక్క సాయంత్రపు సంగతి. వాటితో పాటు యాంటె కూడా చదివితేనే ఆ వెచ్చదనంలోకి రానివ్వని వాళ్ళ సంగతి తెలుస్తుంది.

మన నేలతో డెన్మార్క్‌కు ఉన్న చుట్టరికం కూడా ఇదే తరహాది. 1620 నుంచి 1845 దాకా తమిళ తీరంలోని తరంగంబాడి డేనిష్ స్థావరం. డెన్మార్క్ రాజు అక్కడికి పంపిన మిషన్‌లో పనిచేసింది ఎక్కువగా జర్మన్లు. వాళ్ళలో ఒకరైన బెంజమిన్ షుల్జ్ తెలుగు నేర్చుకుని 1728లో లాటిన్‌లో తెలుగు వ్యాకరణం రాశారు. ఆయన తెలుగు పుస్తకాలు 1746 ప్రాంతంలో జర్మనీలోని హాలేలో అచ్చయ్యాయి. తెలుగు అక్షరం అచ్చులో కనిపించిన తొలి సందర్భాల్లో అది ఒకటి. బెంగాల్‌లోని శ్రీరాంపూర్ కూడా 1845 దాకా డేన్లదే. ఈస్టిండియా కంపెనీ తన ప్రాంతంలో మిషనరీలను రానివ్వకపోతే విలియం కేరీ బృందం డేనిష్ జెండా నీడలోకి చేరింది. కేరీ తెలుగు వ్యాకరణం 1814లో అక్కడే అచ్చయింది. జెండా డెన్మార్క్‌ది, మనుషులు జర్మన్లూ ఇంగ్లీషువాళ్ళూ, అచ్చయిన భాష మనది.

ఈ హద్దులు దాటడాన్ని ఒక కళగా మార్చినవారు కారెన్ బ్లిక్సెన్. ‘సెవెన్ గోథిక్ టేల్స్’ను 1934లో ఇంగ్లీషులో అమెరికాలో ప్రచురించి, మరుసటి ఏడాది తానే డేనిష్‌లో తిరగరాశారు. అనువదించలేదు, మళ్ళీ చెప్పారు. అందుకే ఆమె పుస్తకాలకు రెండు మూలాలు ఉన్నాయంటారు. అందరూ చదివే ‘అవుట్ ఆఫ్ ఆఫ్రికా’ అందమైన వచనమే. కానీ కెన్యన్లను అందులో చూపిన తీరును కెన్యా రచయిత ఎన్గూగీ వా థియోంగో తీవ్రంగా విమర్శించారు, ఆ విమర్శతో కలిపి చదవాలి. నేను చెప్పేది 1942 నాటి ‘వింటర్స్ టేల్స్’ సంపుటంలోని ‘సారో-ఏకర్’ కథ. నేరం మోపబడిన కొడుకును విడిపించుకోవడానికి ఒక తల్లి సూర్యుడు అస్తమించేలోపు చేనంతా ఒంటరిగా కోయాలని జమీందారు షరతు పెడతాడు. ఆమె కోస్తుంది. ఊరంతా ఆమె వెంట మౌనంగా నడుస్తుంది. ముసలి జమీందారుకూ అతని యువ బంధువుకూ మధ్య జరిగే చర్చ ఒకవైపు, కొడవలి చప్పుడు మరొకవైపు. డేనిష్ జానపద గాథ నుంచి తీసుకున్న ఈ కథ చదివాక పొలం గట్టు మీద నిలబడ్డవాణ్ణి ఎప్పుడు చూసినా ఆ తల్లి గుర్తొస్తుంది.

2004లో డేనిష్ పాఠశాలలు తప్పనిసరిగా చెప్పాల్సిన రచయితల పట్టిక ఒకటి తయారైంది. అందులో బ్లిక్సెన్ ఒక్కరే స్త్రీ. కోపెన్‌హాగెన్‌లోని వెస్టర్‌బ్రో కార్మిక వాడలో 1917లో పుట్టి, లక్షల మంది సాధారణ స్త్రీలు చదువుకున్న డిట్లెవ్‌సెన్ అందులో లేరు. ఇంటి పని, డబ్బు లేకపోవడం, కవిత్వం రాయాలన్న రహస్యపు కోరిక, ఇవి పెద్ద సాహిత్యపు వస్తువులు కావనుకున్నారు కాబోలు. ‘బాల్యం’, ‘యవ్వనం’, ‘గిఫ్ట్’ మూడూ ఇంగ్లీషులో ‘కోపెన్‌హాగెన్ ట్రిలజీ’గా ఒక్కచోట చేరాక ప్రపంచం వాటిని కొత్తగా కనుగొంది. ఆండర్సన్ ‘నీడ’ తరువాత వెంటనే ‘బాల్యం’ చదవమంటాను. చిన్న వాక్యాలు, ఎక్కడా జాలి అడగని గొంతు.

కవిత్వంలో ఇంగెర్ క్రిస్టెన్‌సెన్ ‘ఆల్ఫాబెట్’ (1981) ఒక్కటి చాలు. ‘ఏప్రికాట్ చెట్లు ఉన్నాయి’ అన్న ఒక్క పంక్తితో ‘ఎ’ అక్షరం దగ్గర మొదలై, ఒక్కో అక్షరానికీ పంక్తుల సంఖ్య అంతకు ముందరి రెండూ కలిపినంత పెరుగుతూ పోతుంది. ఉన్న వాటి పట్టికలోకి చెట్లు, పావురాలు వచ్చినట్టే అణుబాంబూ వస్తుంది. పద్నాలుగో అక్షరమైన ‘ఎన్’ దగ్గర కవిత ఆగిపోతుంది. దీన్ని తెలుగులోకి తేవాలంటే ఎలా అని చాలాసార్లు ఆలోచించాను. మన వర్ణమాలలో ‘ౠ’ కలిపి లెక్కిస్తే పద్నాలుగో అక్షరం ‘ఔ’. అంటే హల్లులు మొదలుకాక ముందే కవిత ముగుస్తుంది. అచ్చుల్లోనే ప్రపంచమంతా పట్టాలి. ఆ పని ఎవరైనా చేస్తే చదవాలని ఉంది.

ఈ కాలపు పుస్తకాల్లో రెండు చెబుతాను. సోల్వై బల్లె ఏడు సంపుటాలుగా తలపెట్టిన ‘ఆన్ ది కాల్క్యులేషన్ ఆఫ్ వాల్యూమ్’లో ఒక స్త్రీకి నవంబరు 18 మళ్ళీ మళ్ళీ తెల్లవారుతుంది. మొదటి సంపుటం 2025లో అంతర్జాతీయ బుకర్ తుది జాబితాకు చేరింది. రెండోది గ్రీన్‌లాండ్ రచయిత్రి నివియాక్ కోర్నెలియుస్సెన్ తొలి నవల ‘హోమో సపియెన్’. 2014లో దాన్ని గ్రీన్‌లాండిక్‌లో రాసి, డేనిష్‌లోకి తానే తెచ్చారు. బ్లిక్సెన్ ఒక సామ్రాజ్య భాష నుంచి ఇంటి భాషకు వచ్చారు. ఈమెకు డేనిషే వలస పాలన తెచ్చిన భాష, రాజధాని భాష. నూక్ నగరపు అయిదుగురు యువతీయువకుల గొంతుల్లో ఆ రెండు భాషల ఒరిపిడి వినిపిస్తుంది.

భాషను నేరుగా రుచి చూడాలనుకునేవాళ్ళకు చివరగా ఒక చిన్న పని. డెన్మార్క్ రాయల్ లైబ్రరీ తన వెబ్‌సైటులో పాత రచయితల మూలపాఠాలను ఉచితంగా ఉంచింది. ‘డెన్ డాన్స్కె ఓర్డ్‌బో’ అనే నిఘంటువు కూడా ఇంటర్నెట్‌లో ఉచితమే. మాట పక్కన ఉన్న గుర్తు నొక్కితే పలుకు వినిపిస్తుంది. ఆండర్సన్ తొలి కథను ఒక కిటికీలో, నిఘంటువును మరో కిటికీలో తెరిచి మొదటి వాక్యాన్ని మాటమాటా విని, పైకి చదవండి. సైనికుడు దారి వెంట వస్తాడు: ఏన్, తో! ఏన్, తో!